పనికొచ్చే వెబ్‌సైటు మొదటి వరుసలో ఎందుకు కనబడదు?

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని ఏదో ఒకటి వెతుకుతూనే ఉంటారు. నెల్లూరు జిల్లాలో తాతగారి పొలం రికార్డు, తాంబరంలో చూసి వచ్చిన ఫ్లాటు వివరాలు, పిల్లవాడికి కావలసిన ఐఐటీ పాఠాలు, అమ్మమ్మ అడిగిన పద్యంలో ఒక మాటకు అర్థం. నాలుగూ ఒకే పెట్టెలో టైపు చేస్తాం. జవాబులు మాత్రం నాలుగు వేర్వేరు చోట్ల ఉంటాయి.

ఈ మధ్య రెండు మార్పులు గందరగోళాన్ని పెంచాయి. 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ గూగుల్ ఫలితాలకు పైన కృత్రిమ మేధ రాసిన సారాంశాలు కనబడుతున్నాయి. వాటిని చదివి ఆగిపోవాలా, కిందికి వెళ్లాలా అన్నది చాలామందికి తేలని విషయం. రెండోది, 2025లో రిజర్వు బ్యాంకు ఆదేశంతో బ్యాంకులు తమ వెబ్ చిరునామాలు మార్చుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి అలవాటైన పేరు పోయి కొత్త పేరు కనబడేసరికి ఇది అసలుదేనా అన్న అనుమానం మొదలైంది.

ఫలానాది మంచి వెబ్‌సైటు అని గంపగుత్తగా చెప్పడం కుదరదు. ప్రశ్న మారితే మంచిది మారిపోతుంది. సమాచారం పుట్టిన చోటు ఒకటి, దాన్ని విడమరిచి చెప్పే చోటు మరొకటి, దాన్ని చూపించి ఏదో అమ్మే చోటు ఇంకొకటి. సెర్చ్ ఈ మూడింటినీ ఒకే వరుసలో, ఒకే అక్షరాల సైజులో పేర్చి చూపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

సెర్చ్ ఇంజిన్‌కు కనబడేది, కనబడనిది

మనం అడిగినప్పుడు సెర్చ్ ఇంజిన్ ఇంటర్నెట్టు మొత్తం గాలించదు. ఒక ప్రోగ్రామ్ ముందుగానే లింకులు పట్టుకుని పేజీ తరవాత పేజీ చదువుకుంటూ పోతుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో పట్టిక రాసి పెట్టుకుంటుంది. మనం అడిగాక ఆ పట్టికలోంచి తీసి, ఏది ముందు ఏది వెనక అని వరుస పెడుతుంది. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను మొదలుపెట్టినప్పుడు ఆ వరుసకు ఆధారం లింకులు. నలుగురూ లింకు ఇచ్చే పేజీ ముఖ్యమైనది, ముఖ్యమైన పేజీలు లింకు ఇస్తే మరీ ముఖ్యమైనది. ఇప్పుడు లెక్కలోకి వచ్చే అంశాలు చాలా పెరిగాయి, కానీ ఆ ఆలోచన పోలేదు.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోటు ఉంది. భూమి రికార్డు, కోర్టు కేసు, మార్కుల జాబితా వంటివి మామూలు పేజీలుగా ఉండవు. ఫారంలో ఊరి పేరు, సర్వే నంబరు నింపి, వంకర అక్షరాలు గుర్తుపట్టి టైపు చేస్తేనే తెరుచుకుంటాయి. సెర్చ్ ప్రోగ్రామ్ అంత దూరం పోదు. అది గుమ్మం వరకే చూస్తుంది. రికార్డు ఎలా చూడాలో వివరించే వ్యాసాలు మాత్రం బయటే ఉంటాయి, వందల కొద్దీ ఉంటాయి, సెర్చ్‌లో పైకి రావడానికి కావలసిన మాటలన్నీ పొదిగి రాసినవే ఉంటాయి. అందుకని రికార్డు కన్నా రికార్డు గురించిన కబుర్లు ముందు కనబడతాయి. వాటికీ పైన, ‘స్పాన్సర్డ్’ అనే చిన్న మాట తగిలించుకున్న ప్రకటనలు కూర్చుంటాయి.

యంత్రం సంగతి ఇలా ఉంటే, మనుషులే ఏరి పెట్టిన జాబితాలు మేలు కదా అనే వాదన ఒకటి ఉంది. ఆ పని జరిగింది కూడా. 1994లో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన యాహూ డైరెక్టరీ అలాంటిదే. ఒక్కొక్క సైటును మనిషి చూసి, తగిన అరలో పెట్టేవాడు. స్వచ్ఛంద సంపాదకులతో నడిచిన ఓపెన్ డైరెక్టరీ 1998లో వచ్చింది. మొదటిది 2014 చివర మూతపడింది, రెండోది 2017లో. వెబ్ పెరిగే వేగాన్ని మనుషులు అందుకోలేకపోయారన్నది ఒక కారణం. జాబితా కుళ్లిపోవడం రెండోది: 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి దొరకకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. వాట్సాప్‌లో తిరిగే ‘పనికొచ్చే వంద సైట్లు’ జాబితాల్లో సగం లింకులు తెరుచుకోకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. అయినా ఒక విషయం లోతు తెలిసిన వ్యక్తి చేసిన చిన్న జాబితాకు ఇప్పటికీ విలువ తగ్గలేదు. ఏది ఎందుకు పనికొస్తుందో ఒక వాక్యం రాసి ఉంటే మరీను.

ఇంటిపేరు చివర ఉండే చిరునామాలు

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. వెబ్ చిరునామాలో చివర ఉంటుంది. పేరు తరవాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (స్లాష్) ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదివితే అది ఎవరిదో తెలుస్తుంది. ‘గవ్ డాట్ ఇన్’ అని ముగిసే చిరునామా ప్రభుత్వ శాఖలకు తప్ప ఇవ్వరు. ‘ఏసీ డాట్ ఇన్’ విద్యాసంస్థలది. ఒట్టి ‘డాట్ ఇన్’, ‘డాట్ కామ్’, ‘డాట్ ఆర్గ్’ డబ్బు కట్టిన ఎవరికైనా వస్తాయి. ఆర్గ్ అని ఉంటే సేవాసంస్థ అనుకోవడం పాత భ్రమ.

మోసం చుక్క దగ్గర జరుగుతుంది. ‘పాస్‌పోర్ట్’ తరవాత చుక్క, ‘గవ్’ తరవాత చుక్క, ‘ఇన్’ అని ఉంటే అది ప్రభుత్వ చిరునామా. ‘పాస్‌పోర్ట్’ తరవాత చిన్న గీత పెట్టి ‘గవ్’, చుక్క, ‘ఇన్’ అని ఉంటే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. ఫోను తెర మీద ఈ తేడా ఆవగింజంత. పాస్‌పోర్టు సేవల అసలు సైటు తన ముఖపుటలోనే నకిలీ సైట్ల గురించి హెచ్చరిక పెట్టుకోవలసి వచ్చిందంటే ఈ వ్యాపారం ఎంత పెరిగిందో ఊహించవచ్చు.

తాళం బొమ్మ ఉంటే నమ్మవచ్చనే మాట కూడా సగమే నిజం. మన ఫోనుకూ ఆ సైటుకూ మధ్య సాగే సంభాషణను మూడోవాడు చదవలేడని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నవాడు దొర అని కాదు. ఆ తాళం రావడానికి కావలసిన ధ్రువపత్రాన్ని దొంగ కూడా ఉచితంగా తెచ్చుకోగలడు. జనం పొరబడుతున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజర్ ఆ తాళం బొమ్మను తీసేసి వేరే గుర్తు పెట్టింది.

బ్యాంకుల మార్పును ఈ వెలుగులో చూడాలి. 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అనే ఇంటిపేరులోకి మారాలని రిజర్వు బ్యాంకు అదే ఏడాది ఏప్రిల్‌లో బ్యాంకులను ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీకి మాత్రమే ఉంది. అంటే దారిన పోయేవాడు ఆ పేరు కొనలేడు. కొత్త చిరునామా చూసి భయపడిన వారికి, నిజానికి పాతదాని కన్నా ఇదే గట్టి ఆధారం. అయితే ఇది బ్యాంకు గుర్తింపుకే. ఆ బ్యాంకు ఇచ్చే అప్పు మనకు లాభమా నష్టమా అన్నది వేరే లెక్క.

ఒకే ప్రశ్న, రెండు రాష్ట్రాలు: భూమి రికార్డుల ఉదాహరణ

చెన్నై తెలుగువారికి తరచూ ఎదురయ్యే సందర్భం ఇది. ఒక ఇంట్లో రెండు అవసరాలు: నాయుడుపేట దగ్గర పూర్వీకుల పొలం ఇప్పటికీ తమ పేరునే ఉందా చూడాలి. ఇక్కడ ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఒక ప్లాటు మీద పాత బాకీలు, తనఖాలు ఏమైనా ఉన్నాయా తెలుసుకోవాలి. రెండూ ‘భూమి రికార్డు’ ప్రశ్నలే. వెళ్లవలసిన చోట్లు మాత్రం కలవవు.

ముందు ఒక తేడా తెలియాలి. భూమికి రెండు రకాల రికార్డులుంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఉండేది లావాదేవీల చరిత్ర: ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరి దగ్గర తనఖా పెట్టారు. ఇందులోంచి వచ్చేదే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇక్కడి దళారులు విల్లంగం అనేది దీన్నే. రెవెన్యూ శాఖ దగ్గర ఉండేది ఇప్పుడు ఆ భూమి ఎవరి పేరున ఉంది, విస్తీర్ణమెంత అన్నది. ఆంధ్రప్రదేశ్‌లో అది అడంగల్, 1-బి. తమిళనాడులో పట్టా, చిట్టా. పట్టణ ప్రాంతాలకు విడిగా టౌన్ సర్వే రిజిస్టరు ఉంటుంది. ఒక శాఖ రికార్డు మారినంత మాత్రాన రెండోది దానంతట అది మారిందని అనుకోకూడదు.

కాబట్టి పొలం ఎవరి పేరున ఉందో చూడడానికి ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ సైటు ‘మీభూమి’. అదే పొలం ఈసీ కావాలంటే ఆ రాష్ట్రపు రిజిస్ట్రేషన్ శాఖ సైటు. 1983కు ముందు నాటి లావాదేవీలు అందులో దొరకవు, వాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకే వెళ్లాలి. ఓఎంఆర్ ప్లాటు ఈసీకి తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ సైటు ‘టీఎన్ రెజినెట్’, పట్టాకు ఆ రాష్ట్ర రెవెన్యూ ఈ-సేవల సైటు. అసలైనవి నాలుగు. వెతికితే ముందు తగిలేవి ఇవి కాకుండా, ఈసీ తెచ్చిపెడతామనే ప్రైవేటు సైట్లు. తమిళనాడు సైటులో ఈసీని చూసుకోవడానికి రుసుము లేదు. ఆ సైట్లు వసూలు చేసేది తమ శ్రమకు. దానికి విలువ లేదని అనను, తమిళం చదవలేని వ్యక్తికి అదే ఉపశమనం కావచ్చు. తాము ప్రభుత్వం కామని అవి ఎంత పెద్ద అక్షరాల్లో చెబుతున్నాయి అన్నదే ప్రశ్న.

గుమ్మం దొరికాక అసలు పరీక్ష మొదలవుతుంది. రెజినెట్ ఫారం మండలం, జిల్లా, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, తేదీలు, గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజన్ అడుగుతుంది. ఇక్కడ మండలమంటే మన మండలం కాదు, రిజిస్ట్రేషన్ శాఖ జోను. ప్రకటనలో ఉన్న పేరు ఓఎంఆర్. అది రోడ్డు పేరు. ఫారానికి కావలసింది నావలూరా, తాళంబూరా, మరేదైనానా అన్న రెవెన్యూ గ్రామం పేరు. ఆ పేరు ప్రకటనలో ఉండదు, అమ్మేవారి దస్తావేజులో ఉంటుంది. గ్రామం తప్పు ఎంచుకుంటే సైటు తప్పని చెప్పదు, ఆ నంబరు మీద ఏమీ లేదనో, ఇంకెవరిదో చరిత్రో చూపిస్తుంది. ‘ఏమీ లేదు’ అన్న జవాబును ‘బాకీలు లేవు’ అని చదువుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

సరైన ఈసీ వచ్చినా అది చెప్పేది రిజిస్టరయిన లావాదేవీల గురించే. రిజిస్టరు చేయని ఒప్పందం, రాసి పెట్టెలో దాచిన వీలునామా, వారసుల తగాదా అందులో కనబడవు. కోర్టు కేసు ఉందేమో చూడాలంటే ఈ-కోర్ట్స్ సైటులో పేరు మీద వెతకాలి. ఫ్లాటు అయితే తమిళనాడు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సైటులో ఆ ప్రాజెక్టు నమోదైందా అన్నది మరో ఆధారం. ఇక్కడా ఒక మెలిక ఉంది: 500 చదరపు మీటర్లలోపు స్థలానికి, ఎనిమిది ఫ్లాట్లకు మించని కట్టడానికి నమోదు నుంచి మినహాయింపు ఉంది. అందుకని జాబితాలో లేకపోవడమే మోసానికి రుజువు కాదు.

వానాకాలంలో మూడు రకాల సైట్లు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో అందరూ వాతావరణ నిపుణులే. ఇక్కడ మూలం, వ్యాఖ్యానం, అనుభవం మూడూ ఒకేసారి కనబడతాయి కాబట్టి వాటి తేడా బాగా తెలుస్తుంది.

చెన్నైకి నీళ్లిచ్చే మెట్రో వాటర్ వారి సైటులో రోజూ ఒక పట్టిక మారుతుంది: పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం మొదలైన జలాశయాల పూర్తి సామర్థ్యం, ఈరోజు మట్టం, నిల్వ, లోపలికి వచ్చే నీరు, బయటికి పోయే నీరు, పోయిన ఏడాది ఇదే రోజు నిల్వ. చెంబరంబాక్కం నిండు మట్టం 24 అడుగులు, నిల్వ 3,645 మిలియన్ ఘనపుటడుగులు. పూండికి వచ్చే నీటిలో కొంత కండలేరు నుంచి తెలుగు గంగ కాలువ మీద వచ్చే కృష్ణా జలం, 1983 ఒప్పందం ఫలితం. నీటి ఎద్దడి వస్తుందా అనే ప్రశ్నకు ఈ పట్టికను మించిన జవాబు లేదు.

కానీ ‘రేపు మా వీధిలో నీళ్లు నిలుస్తాయా’ అనే ప్రశ్నకు అదే పట్టిక దాదాపు నిరుపయోగం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నగరాన్ని ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. వేళచ్చేరి లాంటి చోట్ల నీరు నిలవడంలో వాన తీవ్రత, కాలువలు, కుంచించుకుపోయిన పళ్లికరణై చిత్తడి నేల అన్నిటి పాత్రా ఉంటుంది. చెరువు మట్టం ఒక్కటీ చూసి అది చెప్పలేం. వాతావరణ శాఖ రాడార్ బొమ్మ ఇప్పుడు ఎక్కడ కురుస్తోందో చూపిస్తుంది, రేపటి మాట చెప్పదు. శాఖ హెచ్చరిక రేపటి మాట చెబుతుంది, కానీ జిల్లా స్థాయిలో. ఔత్సాహిక వాతావరణ వ్యాఖ్యాతలు ఆ లెక్కలను మన పేట భాషలోకి దించుతారు. వారిని తప్పుబట్టేవారు అధికారం లేని మాట భయాన్ని పెంచుతుందంటారు, సమర్థించేవారు అర్థం కాని హెచ్చరిక ఉన్నా లేనట్టే అంటారు. ఇద్దరి మాటా తీసిపారేయదగింది కాదు. ఇక నీళ్లు మోకాలి దాకా వచ్చాయా అన్నది పక్క వీధివారు పెట్టిన ఫోటోయే చెప్పగలదు, దాని మీద ఈరోజు తేదీ ఉంటేనే.

తెలుగులో వెతికితే ఎందుకు తక్కువ దొరుకుతుంది

తెలుగులో తక్కువ రాశారు కాబట్టి అన్నది సగం జవాబే. రాసింది కనబడకపోవడం మిగతా సగం. అన్ని లిపులకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ స్థిరపడక ముందు తెలుగు పత్రికల సైట్లు తలా ఒక ఫాంటు వాడేవి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల గజిబిజి. సెర్చ్‌కు ఆ గజిబిజే కనబడేది. అలా కొన్నేళ్ల తెలుగు రాత వెతుకులాటకు అందకుండా పోయింది.

పాత పుస్తకాలది ఇంకో తంటా. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటి పేర్లు చాలావరకు రోమన్ లిపిలో, ఎక్కించినవారికి తోచిన స్పెల్లింగులో ఉంటాయి. ‘ఆంధ్ర’ అన్న మాట ఒకచోట ఒక ‘ఎ’తో, మరోచోట రెండింటితో కనబడుతుంది. తెలుగు లిపిలో టైపు చేసి ‘లేదు’ అనుకున్న పుస్తకం, రెండు మూడు రకాల రోమన్ స్పెల్లింగులు మార్చి చూస్తే బయటపడడం మామూలే. పైగా స్కాన్ అంటే ఫోటో, లోపలి వాక్యాలను వెతకడం చాలాసార్లు కుదరదు. వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు అలాంటి పుటలను చూసి టైపు చేసి దిద్దుతారు. అక్కడ ఉన్న పుస్తకాలు తక్కువ, కానీ ఏ వాక్యమైనా దొరుకుతుంది.

అమ్మమ్మ అడిగిన మాటకు ఆంధ్రభారతి సైటు చాలు. ఒకే పెట్టెలో మాట రాస్తే పలు నిఘంటువుల అర్థాలు కింద వరసగా వస్తాయి. 1852లో ఈ మద్రాసులోనే అచ్చయిన బ్రౌన్ నిఘంటువు కూడా వాటిలో ఉంది. బ్రౌన్ వాడుక మాటలకు బాగా చోటిచ్చాడు, పండితుల నిఘంటువులు కావ్య ప్రయోగాల వైపు మొగ్గుతాయి. రెండు అర్థాలు కలవకపోతే ఒకటి తప్పని కాదు, పద్యం ఏ కాలానిదో చూసుకోవాలి.

ఉచితం ఎంతవరకు ఉచితం

చదువు విషయం కొంత సులువు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం ఎన్‌పీటీఈఎల్‌కు నడిపించే కేంద్రం మన మద్రాసు ఐఐటీయే. వీడియో పాఠాలు ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాలి. నేర్చుకోవడమే అవసరమైతే ఖర్చు సున్న, రుజువు అవసరమైతే కాదు. ప్రైవేటు కోర్సుల సైట్లు ‘ఉచితం’ అన్నప్పుడు ఆ గీత ఎక్కడ గీశారో వెతకడానికి ఇదే కొలమానం పనికొస్తుంది.

వస్తువుల సమీక్షలకు వస్తే డబ్బు ఎటునుంచి వస్తుందన్నదే ముఖ్యం. ‘పది ఉత్తమ మిక్సీలు’ లాంటి వ్యాసంలో లింకు నొక్కి మనం కొంటే రాసినవారికి కమీషన్ ముడుతుంది. అంతమాత్రాన అది అబద్ధం కానక్కరలేదు, కానీ కమీషన్ ఇవ్వని మిక్సీ ఆ పదిలో ఉండే అవకాశం తక్కువ. కొన్నవారి సమీక్షల సేకరణకు 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. తెచ్చినప్పుడు దాన్ని పాటించడం స్వచ్ఛందమే.

ఆరోగ్యానికి వచ్చేసరికి మంచి మూలం కూడా తికమక పెట్టగలదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్‌లో ప్రకటనలు లేవు, భాష సులువు. కానీ మన ఇంట్లో పారాసెటమాల్ అనే మందు అక్కడ ఎసిటమినోఫెన్. ఆ రెండూ ఒకటేనని తెలియనివారు వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకునే ప్రమాదముంది. మన దేశంలో మందు ధర ఎంత ఉండాలన్నది అక్కడ దొరకదు, దానికి మన ఔషధ ధరల సంస్థ సైటే చూడాలి.

పైనున్న సారాంశాన్ని ఎంతవరకు నమ్మాలి

కృత్రిమ మేధ సారాంశాలను సమర్థించేవారి వాదనలో బలముంది. ఇంగ్లిషు, తమిళ పేజీల్లోని సంగతిని తెలుగులో అడిగి తెలుగులో చదవగలగడం చిన్న మేలు కాదు. ఈసీ అంటే ఏమిటి, పట్టాకూ దానికీ తేడా ఏమిటి వంటి ప్రశ్నలకు ఆ సారాంశం చాలాసార్లు తగినంత జవాబు ఇస్తుంది. పది ప్రకటనల పేజీలు దాటనక్కరలేదు.

ఎదుటి వాదన కూడా గట్టిదే. 2024 మేలో అమెరికాలో ఈ సారాంశాలు మొదలైన కొద్దిరోజులకే, పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని ఒకటి సలహా ఇచ్చింది. ఎవరో ఏళ్ల క్రితం వేళాకోళంగా రాసిన మాటను అది నిజమనుకుంది. చదివేవారు సారాంశం దగ్గరే ఆగితే, కష్టపడి రాసిన సైట్లకు పాఠకులు తగ్గుతారన్న ఆందోళన కూడా ఉంది. అవి మూతపడితే రేపటి సారాంశానికి ముడిసరుకు ఎక్కడిది?

తెలుగులో అడిగేవారికి ఇంకొక చిక్కు ఉంది: మన భాష రెండు రాష్ట్రాలది. ‘భూమి రికార్డు ఆన్‌లైన్‌లో ఎలా చూడాలి’ అని రాష్ట్రం పేరు లేకుండా అడిగితే జవాబు ఆంధ్రప్రదేశ్ మీభూమి కావచ్చు, తెలంగాణ ధరణి కావచ్చు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ధరణి స్థానంలో భూభారతి తెచ్చింది. ధరణి గురించి అంతకు ముందు రాసిన వ్యాసాలు మాత్రం ఇంకా వెబ్‌లో అలాగే ఉన్నాయి, సారాంశం వాటినీ చదువుతుంది. అడిగిన మనిషి చెన్నైలో కూర్చుని ఉన్నాడు కాబట్టి ఫోను అతణ్ణి తమిళనాడు వాడిగా లెక్కగడితే, జవాబు మూడో రాష్ట్రం వైపూ పోవచ్చు. ప్రశ్నలోనే జిల్లా, గ్రామం, కావలసింది ఈసీయా 1-బీనా అన్నది రాస్తే ఈ దారి తప్పడం చాలా తగ్గుతుంది. అప్పుడు కూడా ఆ సారాంశం పొలం ఎవరి పేరున ఉందో చెప్పలేదు. ఆ పేరు ఫారం వెనకే ఉంది.